సర్వ్ అండ్ వాలీని చంపింది ఎవరు? పచ్చికా, గట్టింగా, కోచ్‌లా?

హంటర్‌రోడ్ లెఫ్టీ

క్లబ్ వాట్సాప్ గ్రూపులో ఈ వాదన మొదలైతే పొద్దుటి ఆట టైమింగుల మెసేజ్‌లు కూడా కొట్టుకుపోతున్నాయని అడ్మిన్ గారు కోప్పడ్డారు. అందుకే ఇక్కడ పెడుతున్నా. ఎవరి కడుపులో ఉన్నది వాళ్లు కక్కండి.

నా మాట ఒక్కటే. టెన్నిస్‌లో సర్వ్ అండ్ వాలీని, అంటే సర్వ్ చేసి నెట్ మీదికి దూకి బంతి నేల తాకకముందే కొట్టే ఆటని, చంపింది వింబుల్డన్ పచ్చిక. ఒకప్పుడు అక్కడ 70 శాతం రై గడ్డి, 30 శాతం ఫెస్క్యూ గడ్డి కలిపి వేసేవారు. 2001లో పూర్తిగా రై గడ్డికి మారారు. కింద నేల గట్టిపడింది. బంతి కాళ్ల దగ్గర జారిపోవడం తగ్గి, నడుము ఎత్తుకి లేవడం మొదలైంది. రిటర్న్ చేసేవాడికి, అంటే సర్వ్‌ని తిప్పికొట్టేవాడికి, అంతకంటే ఏం కావాలి?

ఫైనల్స్ చూడండి. 2001లో ఇవానిసెవిచ్, రాఫ్టర్. ఇద్దరూ సర్వ్ వెనకాలే నెట్‌కి పరుగెత్తే బాపతు, ఐదో సెట్ 9-7. మరుసటి ఏడాది హ్యూయిట్, నల్బాండియన్. మ్యాచ్ మొత్తంలో ఒక్కటంటే ఒక్క సర్వ్ అండ్ వాలీ పాయింట్ లేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం చూపించాలి?

కాజీపేట డీజిల్

లెఫ్టీ తమ్మీ, సాక్ష్యం బాగానే ఉంది కానీ తీర్పు తొందరపడి చెప్పినవ్.

హ్యూయిట్, నల్బాండియన్ ఇద్దరూ బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) దగ్గర పుట్టి పెరిగినవాళ్లు. వాళ్లని అద్దం మీద ఆడించినా నెట్‌కి రారు. ఆ ఏడాది వాళ్లిద్దరూ ఫైనల్‌కి ఎలా వచ్చారన్నది అసలు ప్రశ్న. సాంప్రాస్ రెండో రౌండ్‌లోనే బాస్టల్ చేతిలో ఓడిపోయాడు. ఫెదరర్‌ని మొదటి రౌండ్‌లో ఆంచిచ్ ఇంటికి పంపాడు. హెన్‌మన్ సెమీస్‌లో హ్యూయిట్ దగ్గర ఆగిపోయాడు. అంటే నెట్‌కి వచ్చేవాళ్లు లేకపోలేదు, దారిలో రాలిపోయారు.

గడ్డి మార్చింది మన్నిక కోసమని అక్కడివాళ్లే చెప్పారు. రెండు వారాలు తొక్కితే ఫెస్క్యూ నిలవదు. ఆట నెమ్మదించడం దాని వెనకాల వచ్చిన ఫలితం, అంతే.

నేను చూపించేది ఫెదరర్‌ని. 2001లో సాంప్రాస్‌ని ఓడించినప్పుడు ఇద్దరూ పోటీపడి నెట్‌కి వచ్చారు. 2003లో మొదటిసారి గెలిచినప్పుడు కూడా ఫెదరర్ సర్వ్ వెనకాల బాగానే వచ్చేవాడు. తర్వాత తర్వాత అదే మనిషి, అదే సెంటర్ కోర్టులో వెనకాల నిలబడి ఆడటం మొదలుపెట్టాడు. గడ్డి 2003లోనూ రై గడ్డే కదా? మరి మారింది ఏంది?

ఖని బ్యాక్‌హ్యాండ్

ఫెదరర్ పేరు వచ్చింది. ఇగ ఈ థ్రెడ్ ఆగదు.

నక్కలగుట్ట గట్టింగ్

డీజిల్ సార్ అడిగిన ప్రశ్నకి జవాబు నా షాపులో గోడకి వేలాడుతోంది. పాలిస్టర్ గట్, అంటే రాకెట్‌కి కట్టే పాలిస్టర్ తీగ.

1997లో కుయెర్టెన్ అనే కుర్రాడు 66వ ర్యాంకుతో వచ్చి ఫ్రెంచ్ ఓపెన్ గెలుచుకుపోయాడు. అతని రాకెట్‌లో ఉన్నది లక్సిలాన్ కంపెనీ పాలీ. అప్పటిదాకా పెద్ద ఆటగాళ్లు ఎక్కువగా నేచురల్ గట్ (పశువుల పేగుతో చేసిన తీగ) కట్టించుకునేవాళ్లు. సాంప్రాస్ అయితే చివరిదాకా నేచురల్ గట్టే, అదీ 85 చదరపు అంగుళాల చిన్న తల రాకెట్‌లో, చాలా బిగుతుగా.

పాలీలో కిటుకు ఏమిటంటే అది గట్టిగా, నున్నగా ఉంటుంది. బంతి తగిలినప్పుడు నిలువు తీగలు పక్కకి జరుగుతాయి, వెంటనే టక్కున సొంత చోటుకి వచ్చేస్తాయి. ఆ వెనక్కి రావడంలోనే బంతికి అదనంగా స్పిన్ పడుతుంది. దానివల్ల ఎంత బలంగా కొట్టినా బంతి కోర్టు దాటకుండా కిందికి దిగుతుంది.

ఇప్పుడు నెట్ దగ్గర నిలబడ్డవాడి గతి ఆలోచించండి. మామూలు గట్‌తో పాసింగ్ షాట్ (నెట్ దగ్గరున్నవాడిని దాటించే దెబ్బ) కొట్టేవాడు బలంగా కొడితే బంతి అవుట్, మెల్లగా కొడితే చేతికి అందే వాలీ. పాలీ వచ్చాక బలంగా కొట్టిన బంతే నెట్ దాటగానే తల వంచి వాలీ కొట్టేవాడి బూట్ల మీదికి దిగుతోంది. దాన్ని నెట్ కింద నుంచి పైకి లేపాలి. లేపితే అవతలివాడికి ఇంకో సులువు బంతి. పోనీ ఒంటి పక్కగా పోనిద్దామా అంటే అది ముందు అవుట్‌కి పోతున్నట్టు కనిపించి ఆఖర్లో లైన్ లోపల పడుతుంది.

మనూళ్లో ఇంకో బాధ ఉంది. పదేళ్ల పిల్లలకి కూడా పాలీయే కట్టమంటున్నారు, టీవీలో చూసి. స్పిన్ పుట్టాలంటే చెయ్యి ఆ వేగంతో తిరగాలి కదా. ఆ వేగం లేని చేతికి పాలీ కడితే మోచెయ్యి నొప్పి తప్ప ఇంకేం రాదు. చెబితే "మీ దగ్గర స్టాక్ లేక అంటున్నారు" అంటారు. పోనీలెండి, అది వేరే ముచ్చట.

ఆర్‌ఈసీ 98

గట్టింగ్ భాయ్ చెప్పింది సగం. నేను ఇంకాస్త వెనక్కి వెళ్తా.

1974 దాకా నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో మూడు పచ్చిక మీదే జరిగేవి. యూఎస్ ఓపెన్ 1975లో మట్టికి, 1978లో హార్డ్ కోర్టుకి మారింది. ఆస్ట్రేలియన్ ఓపెన్ 1988లో పచ్చిక వదిలేసింది. మిగిలింది వింబుల్డన్ ఒక్కటే. ఫ్రెంచ్ ఓపెన్ తర్వాత వింబుల్డన్‌కి ముందు పచ్చిక మీద అలవాటు పడేందుకు 2015 దాకా రెండు వారాలే ఉండేది. ఆ ఏడాది మూడు చేశారు. ఏడాదిలో నెలన్నర కూడా లేని సీజన్ కోసం ఎవడు తన ఆట మొత్తం కట్టుకుంటాడు?

చాలామంది కార్పెట్‌ని మరిచిపోతారు. చలికాలంలో ఇండోర్‌లో చాప పరిచినట్టు పరిచి ఆడించేవారు, బంతి సర్రున జారేది. బెకర్‌కి అది సొంతిల్లు. 2009 నుంచి ఏటీపీ (మగవాళ్ల ప్రొఫెషనల్) టోర్నీల్లో అది కూడా లేదు. వేగమైన కోర్టులు ఒకదాని తర్వాత ఒకటి పోయాయి.

పాత రోజుల్లో పరిస్థితి ఎంత తలకిందులంటే, వెనకాల ఆడేవాళ్లే వింబుల్డన్‌కి వచ్చి బలవంతంగా ముందుకి పరుగెత్తేవాళ్లు. పారిస్ మట్టి మీద గంటలకొద్దీ ర్యాలీలు ఆడే బోర్గ్, వింబుల్డన్‌లో మొదటి సర్వ్ వెనకాల నెట్‌కి వచ్చి 1976 నుంచి 1980 దాకా వరసగా ఐదు గెలిచాడు. లెండిల్ పాపం ఆ కప్పు కోసం 1990లో ఫ్రెంచ్ ఓపెన్ మానుకుని మరీ పచ్చిక మీద ప్రాక్టీస్ చేశాడు. సెమీస్‌లో ఎడ్‌బర్గ్ చేతిలో ఓడాడు. అంతకుముందు 1986, 87 ఫైనల్స్‌లో బెకర్, క్యాష్ కొట్టారు. సహజంగా రాని ఆటని నేర్చుకుని కూడా రెండు ఫైనల్స్ ఆడాడంటే గొప్పే. ఇప్పుడు ఆ అవసరం ఎవరికీ లేదు.

ఖని బ్యాక్‌హ్యాండ్

గడ్డి అయింది, గట్ అయింది, కార్పెట్ అయింది. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ ఎవరికీ గుర్తు రాలేదా?

ఒంటిచేత్తో రిటర్న్ చేసేవాడికి భుజం దాకా లేచే కిక్ సర్వ్ వేస్తే చిప్ చెయ్యడం, అంటే మెల్లగా కోసి వెయ్యడం, తప్ప దారి ఉండదు. ఆ చిప్ తేలుకుంటూ వస్తే వాలీ కొట్టేవాడికి పండగ. అదే రెండు చేతులుంటే ఎత్తు బంతిని కూడా నెట్టి కొడతాడు. 1992 వింబుల్డన్ ఫైనల్ చూడండి, ఇవానిసెవిచ్ సర్వ్‌ని అగస్సీ అలాగే తట్టుకున్నాడు. అప్పటికి రై గడ్డి లేదు, కుయెర్టెన్ రాలేదు.

హంటర్‌రోడ్ లెఫ్టీ

అగస్సీ ఒక్కడు. ఒక్కడిని పట్టుకుని సిద్ధాంతం కట్టకండి. ఆ తర్వాత తొమ్మిదేళ్లలో ఏడు వింబుల్డన్‌లు సాంప్రాస్‌వే.

మనవాళ్ల సంగతి కూడా చూద్దాం. 1995లో ఢిల్లీ పచ్చిక మీద దేశాల మధ్య జరిగే డేవిస్ కప్‌లో లియాండర్ పేస్ రెండు సెట్లు వెనకబడి ఇవానిసెవిచ్‌ని ఓడించాడు. 1998లో అమెరికాలో న్యూపోర్ట్ టోర్నీ టైటిల్ కూడా పచ్చిక మీదే. సింగిల్స్‌లో పేస్ బ్యాక్‌హ్యాండ్ బలహీనమని అందరికీ తెలుసు. అయినా చేతులు, కాళ్లు, నెట్ దగ్గర చురుకు, వాటితో లాక్కొచ్చాడు. ఆ ఆట బతికింది పచ్చిక ఉంది కాబట్టి.

కాజీపేట డీజిల్

అదే 1998లో న్యూ హేవెన్‌లో హార్డ్ కోర్టు మీద సాంప్రాస్‌ని 6-3, 6-4తో కొట్టాడు మరి. అది ఏ ఖాతాలో రాస్తవ్?

ఇంకొకటి. 2019లో ఇటలీ మన దగ్గరికి డేవిస్ కప్‌కి వస్తే, వాళ్లకి పచ్చిక అలవాటు లేదని కలకత్తా సౌత్ క్లబ్‌లో పెట్టారు. 3-1తో మనమే ఓడిపోయాం. పచ్చిక ఉంది, దాని మీద నెట్‌కి వచ్చి గెలిచే చేతులు మన దగ్గర మిగల్లేదు. రామ్‌కుమార్ రామనాథన్ ఒక్కడు అప్పుడప్పుడు వస్తాడు. 2017లో టర్కీలోని అంటాల్యా పచ్చిక మీద ఆస్ట్రియా ఆటగాడు థీమ్‌ని ఓడించాడు కూడా. అంత పెద్ద గెలుపు మళ్లీ కనిపించలేదు.

1988, 89, 90 మూడేళ్లు వరసగా బెకర్, ఎడ్‌బర్గ్ ఫైనల్స్. రైల్వే కాలనీలో మా ఇంట్లో దూరదర్శన్ ముందు జనం. 88లో వాన వల్ల మ్యాచ్ సోమవారానికి పోయింది, డ్యూటీ మార్చుకున్నవాళ్లు ఉన్నారు. పాయింట్ అంటే నాలుగు దెబ్బలు, అయిపాయె. ఇప్పుడు ఒక్క పాయింట్ చూసేలోపు చాయ్ తాగి రావచ్చు.

సుబేదారి డాక్టర్

అంతా మగవాళ్ల ఆట గురించే మాట్లాడుతున్నారు. నవ్రతిలోవా వింబుల్డన్ సింగిల్స్ తొమ్మిది గెలిచింది, అన్నీ నెట్ దగ్గరే. 1998లో నొవోత్నా. 2006లో మోరెస్మో సర్వ్ వెనకాల వస్తూనే ఎనాని ఓడించి వింబుల్డన్ గెలిచింది. ఆ తర్వాత అదే పనిగా అలా ఆడి గెలిచినవాళ్లు లేరు.

ఒక మాట అడుగుతా. డబుల్స్‌లో కూడా ఇది తగ్గిపోయింది, గమనించారా? సానియా 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది, అదే ఏడాది హింగిస్‌తో వింబుల్డన్ గెలిచింది. ఆ జోడీలో నెట్ దగ్గర కోసి పారేసేది హింగిస్, వెనకాల నుంచి ఫోర్‌హ్యాండ్‌తో బాదేది సానియా. సర్వ్ చేసి వెనకాలే ఉండిపోవడం డబుల్స్‌లో తప్పు అని మాకు నేర్పారు. ఇప్పుడు అలా ఉండిపోయి కప్పులు గెలుస్తున్నారు. డబుల్స్‌కీ అదే గట్, అదే రిటర్న్ కదా. కాబట్టి నా ఓటు గట్టింగ్ భాయ్‌కి.

మోకాళ్ల అరుగుదల వల్ల మానేశారని ఎవరో గ్రూపులో అన్నారు. దానికి ఆధారం నాకు కనిపించదు. హార్డ్ కోర్టు మీద బేస్‌లైన్ వెంబడి గంటల తరబడి అటూ ఇటూ ఆగి ఆగి పరుగెత్తడం మోకాలికి ఏమంత మేలు చేస్తుంది?

మోడరేటర్

ఫెదరర్, నాదల్, జొకోవిచ్‌లలో ఎవరు గొప్ప అనే పోస్టులు తీసేశాను. దానికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొట్టుకోండి.

కరీంనగర్ కోచ్‌సాబ్

ఆలస్యంగా చూశాను. అందరూ వింబుల్డన్ సెంటర్ కోర్టులో శవం వెతుకుతున్నారు. ఆ ఆట అక్కడ చావలేదు, పన్నెండేళ్లలోపు పిల్లల టోర్నమెంట్లలో చచ్చింది.

మా దగ్గరికి వచ్చే పిల్లవాడు నాలుగున్నర అడుగులు ఉంటాడు. సర్వ్ చేసి నెట్‌కి వస్తే అవతలి పిల్లవాడు నెత్తి మీంచి లాబ్ వేస్తాడు. వెనక్కి పరుగు, పాయింట్ పోయింది. మళ్లీ వస్తే మళ్లీ లాబ్. రెండు గేమ్‌లు పోయేసరికి తండ్రి కంచె అవతల నుంచి "వెనకాలే ఉండరా" అని అరుస్తాడు. ఆ వయసులో బంతిని తిరిగి తిరిగి కోర్టులో వేసేవాడే గెలుస్తాడు. గెలిస్తే ర్యాంకు, ర్యాంకు ఉంటే పై టోర్నీలో ఎంట్రీ. సర్వ్ అండ్ వాలీ పనికి రావాలంటే ఎత్తు రావాలి, భుజం రావాలి, నెట్ దగ్గర ఏ బంతి ఎటు వస్తుందో ముందే పసిగట్టే కన్ను రావాలి. అవి పదహారు, పదిహేడేళ్లకి గానీ రావు. అప్పటిదాకా ఓడుతూ నేర్చుకునే ఓపిక ఎవరికుంది?

సాంప్రాస్ కథ ఇక్కడ చెప్పాలి. చిన్నప్పుడు అతనిదీ రెండు చేతుల బ్యాక్‌హ్యాండే, వెనకాల ఆడే కుర్రాడే. 14 ఏళ్ల వయసులో పీట్ ఫిషర్ దాన్ని మాన్పించి ఒంటిచేతికి మార్చాడు, నెట్‌కి రావడం నేర్పాడు. ఆ మార్పుతో కొంతకాలం జూనియర్ మ్యాచ్‌లు ఓడిపోయాడు కూడా. ఫిషర్ వృత్తికి పిల్లల డాక్టర్, టెన్నిస్‌తో పొట్ట పోసుకునేవాడు కాదు. బహుశా అందుకే అంత తెగింపు చేయగలిగాడు. ఫీజు మీద బతికే కోచ్ ఎవరైనా, గెలుస్తున్న పిల్లవాడి ఆట మార్చి ఓడిస్తే, నెల తిరిగేసరికి ఆ పిల్లవాడు పక్క అకాడమీలో ఉంటాడు. నేను కూడా మార్చను, దాచేదేముంది.

లెఫ్టీ గారూ, ఇప్పుడు పాత గడ్డి తెచ్చి వేసినా దాని మీద ఆడేవాళ్లు దొరకరు. మీ గడ్డి, భాయ్ గట్ మొదటి పదేళ్లలో దెబ్బ కొట్టి ఉండొచ్చు. ఆ తర్వాత నేర్పేవాళ్లు ఆగిపోయారు.

నక్కలగుట్ట గట్టింగ్

కోచ్‌సాబ్ అన్నదాంతో పేచీ లేదు. అయితే నేర్పడం ఎందుకు ఆగిందంటే, పైన గెలవడం ఆగింది కాబట్టి. గెలవడం ఎందుకు ఆగిందంటే మళ్లీ నా షాపుకే రావాలి.

జేఎన్‌ఎస్ జూనియర్

పెద్దలందరూ సంతాప సభ పెట్టినట్టున్నారు. ఆట చావలేదు అన్నా.

2023 యూఎస్ ఓపెన్ ఫైనల్లో మెద్వెదెవ్ మీద జొకోవిచ్ 22 సార్లు సర్వ్ అండ్ వాలీ ఆడి 20 పాయింట్లు గెలిచాడు. జొకోవిచ్! నెట్ ఆటగాడు అని ఎవరూ అనని మనిషి. ఎందుకు పని చేసిందంటే మెద్వెదెవ్ రిటర్న్‌కి గోడకి ఆనుకున్నట్టు అంత వెనకాల నిలబడతాడు. అక్కడి నుంచి బంతి వచ్చేలోపు సర్వ్ చేసినవాడు నెట్ దాకా నడుచుకుంటూ పోవచ్చు. చిన్నగా యాంగిల్ వాలీ వేస్తే అంత దూరం నుంచి ఎవడు అందుకుంటాడు? అల్కరాజ్ కూడా వెనకాల నిలబడేవాళ్ల మీద ఇదే చేస్తాడు. 2022లో అమెరికా ఆటగాడు క్రెస్సీ ప్రతి సర్వ్ వెనకాల, రెండో సర్వ్ వెనకాల కూడా నెట్‌కి వస్తూ న్యూపోర్ట్ గెలిచాడు. 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మిషా జ్వెరెవ్ అప్పటి నంబర్ వన్ మర్రేని ఇలాగే ఓడించాడు.

పాలీ గట్‌తో పెద్ద ఊపు ఊపి కొట్టాలంటే చోటు, టైమ్ కావాలి, అందుకే అందరూ వెనక్కి జరిగారు. వాళ్లు అలా జరగడం వల్లే ముందు ఖాళీ దొరికింది.

కాజీపేట డీజిల్

తమ్మీ, లెక్క బాగుంది. కానీ సంక్రాంతికి సకినాలు చేసుకోవడం వేరు, రోజూ తినే అన్నం వేరు. జొకోవిచ్ చేసింది మొదటిది. అవతలివాడు ఎదురుచూడడు కాబట్టి 22లో 20 వచ్చాయి. ప్రతి పాయింట్‌కీ వస్తే మెద్వెదెవ్ రెండడుగులు ముందుకి జరిగి నిలబడేవాడు, లెక్క మారిపోయేది. జ్వెరెవ్ కూడా తర్వాతి మ్యాచ్‌లో ఫెదరర్ మీద మూడు సెట్లలో పోయాడు. ఎడ్‌బర్గ్‌కి అది రోజూ చేసే పని. వస్తాడని స్టేడియం మొత్తానికి తెలిసినా వచ్చేవాడు, గెలిచేవాడు. మీరు దాన్ని చూడలేదు, అదే నా బాధ.

ఆర్‌ఈసీ 98

జూనియర్ చెప్పినదాంట్లో ఒకటి నిలుస్తుంది. సర్వ్ అండ్ వాలీ పోవడానికి అసలు కారణం సర్వ్ బలహీనపడటం కాదు, సర్వ్‌లు ఇంకా వేగం పెరిగాయి. రిటర్న్ మెరుగైంది. కాబట్టి దాని రాకడ, పోకడ రిటర్న్ చేసేవాడు ఎక్కడ నిలబడతాడన్న దాని మీదే ఉంటాయి. ఇప్పుడు వెనకాల నిలబడుతున్నారు, కొద్దిగా తిరిగి వస్తోంది. రేపు ఎవడో ముందుకొచ్చి బంతి లేవగానే కొడతాడు, మళ్లీ పోతుంది.

హంటర్‌రోడ్ లెఫ్టీ

నేను ఇంకా గడ్డి దగ్గరే ఉన్నా. చెప్పి ఉంచుతున్నా.

జేఎన్‌ఎస్ జూనియర్

కోచ్‌సాబ్, వాదన సరే. నా ఎత్తు ఐదు పది, కిక్ సర్వ్ ఓ మాదిరిగా వస్తుంది. ఈ వయసులో నేర్చుకుంటే పనికొస్తుందా? ఎక్కడ మొదలుపెట్టాలి? నెట్‌కి పరుగెత్తితే నా ఫస్ట్ వాలీ అన్నీ నెట్‌లోకే పోతున్నాయి.

కరీంనగర్ కోచ్‌సాబ్

పనికొస్తుంది. డబుల్స్‌లో మొదలుపెట్టు, సగం కోర్టే కాబట్టి భయం తగ్గుతుంది.

అందరూ చేసే తప్పు, నెట్‌కి వచ్చేటప్పుడు సర్వ్ ఇంకా గట్టిగా కొట్టడం. ఎంత వేగంగా కొడితే బంతి అంత త్వరగా తిరిగి వస్తుంది, నువ్వు ఇంకా బేస్‌లైన్ దగ్గరే ఉంటావు. ఎడ్‌బర్గ్ కిక్ సర్వ్ వేగం కోసం కాదు, అది ఎత్తుగా వెళ్లి లేచేలోపు అతను సర్వీస్ లైన్ (నెట్‌కీ బేస్‌లైన్‌కీ మధ్య గీత) దాకా చేరుకునేవాడు. నీకు కిక్ ఉంది, అదే వాడు. సెంటర్ లైన్ మీదికో, అవతలివాడి ఒంటి మీదికో వెయ్యి. పక్కకి వేస్తే వాడికి పాసింగ్ యాంగిల్ నువ్వే ఇచ్చినట్టు. సర్వ్‌కి బంతిని పైకి ఎగరేసే టాస్ మామూలు కంటే కొంచెం ముందుకి వేస్తే ఒళ్లు దానంతట అదే కోర్టులోకి పడుతుంది.

ఫస్ట్ వాలీ నెట్‌లోకి ఎందుకు పోతుందంటే పరుగు ఆపకుండా కొడుతున్నావు. అవతలివాడి రాకెట్ బంతికి తగలబోయే క్షణంలో నువ్వు ఎక్కడున్నా సరే, రెండు కాళ్లూ వెడల్పుగా దింపి ఆగు. సర్వీస్ లైన్ చేరకపోయినా ఆగు. ఆ తర్వాత బంతి వైపు కదులు. కిందికి వచ్చిన బంతికి నడుము వంచకు, మోకాళ్లు వంచు. మణికట్టు తిప్పకు. ఆ వాలీతో పాయింట్ ముగించాలనుకోకు, లోతుగా, వాడి బలహీనమైన వైపుకి వేసి ఇంకో రెండడుగులు ముందుకి రా. పాయింట్ రెండో వాలీకి తీసుకోవాలి.

సింగిల్స్‌లో 40-0 దగ్గర, 15-0 దగ్గర ప్రయత్నించు. అలవాటయ్యాక 30-30 దగ్గర ఒకసారి. అవతలివాడు వెనక్కి జరిగి నిలబడితే తప్పకుండా రా. బేస్‌లైన్ లోపల నిలబడి రిటర్న్ చేసేవాడైతే ఆ రోజుకి మానుకో.

గట్టింగ్ భాయ్ దగ్గరికి వెళ్లి నిలువు తీగలు పాలీ, అడ్డం తీగలు మెత్తటి మల్టీఫిలమెంట్ (సన్నటి పోగులు కలిపి చేసిన తీగ) కట్టించుకో. వాలీకి చేతిలో బంతి తెలియాలి.

నక్కలగుట్ట గట్టింగ్

మల్టీ ఉంది, పాత ధరకే ఇస్తా. సాయంత్రం ఆరు దాటాక రా జూనియర్, అప్పటిదాకా మెషీన్ మీద వేరేవాళ్ల రాకెట్లు ఉన్నాయి.